నీలి కథలో నల్లమేక

నీలికి నచ్చిన నవల ఇంతవరకూ పుట్టలేదు. అయినా చదవడం మానదు. మానుకోట స్టేషన్ దగ్గర పాత పుస్తకాల బండి మీద డిటెక్టివ్ నవలలు, మంత్రాల నవలలు ఏరి తెచ్చుకుంటుంది, చదివి తిట్టిపోస్తుంది.

“హంతకుడెవరో ఆఖరి పేజీ దాక దాస్తరట. దాచుడేంది, రాసేటోనికే అప్పటిదాక తెల్వదు,” అంటుంది. మంత్రాల నవలలంటే మరీ మంట. “రాజకుమారి గాలిల ఎగురుతది, పులుల్ని ఆడిస్తది. ఒక్కనాడన్న బిందె ఎత్తిందా? ఏండ్లకేండ్లు అడవిల ఉంటరు, ఒక్కలకన్న చలిజరం వచ్చిందా?” అడవి పక్కన పుట్టిన మనిషి, అడగకుండా ఎలా ఉంటుంది!

మిరపకాయలు ఏరే కాలంలో తండా ఆడవాళ్లకు ఆమె కథే కాలక్షేపం. తెలుగులో చదివింది నీలి తమ లంబాడీ మాటలో చెబుతుంటే, మిగతావాళ్లు ఆమె సాలు కూడా తామే ఏరేస్తారు. అయితే కోటలూ గుహలూ వాళ్ల తలకెక్కవు. అందుకని నీలి కథను తండాలోకి దింపేస్తుంది.

ఈ ఏడు చెప్పిన నవలలో పసివాడి ప్రాణం తోడేసే మంత్రగత్తె ఉంది. ఉండేది పాడుబడ్డ కోటలో. నీలి ఆమెను తండా చివర రేకుల ఇంట్లో పెట్టి, వాకిట్లో ఒక నల్లమేకను కట్టేసింది. తండా చివర రేకుల ఇల్లు ఒంటరి ముసలమ్మ సీతాబాయిది. కథ వింటూ అందరికంటే ఎక్కువ నవ్వింది కూడా ఆమే. “ఓసి నీ పాడుగాను, గా మేక నాదేనే!” అని మురిసిపోయింది.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. అదే తండాలోని జాల్యా కొడుక్కి జ్వరం పట్టుకుంది, ఎంతకీ దిగదు. సీతాబాయి వాడికి రేగుపండ్లు పెట్టిందని తల్లికి గుర్తొచ్చింది. ఆ మాట తండా చుట్టి వచ్చేసరికి అవి మంత్రించిన రేగుపండ్లయ్యాయి. బోరింగ్ దగ్గర ముసలమ్మ కనబడితే బిందెలు పక్కకు జరిపారు. ఇంటి రేకుల మీద రాళ్లు పడ్డాయి.

నీలి నవల పట్టుకుని జాల్యా ఇంటికి పరుగెత్తింది. “అన్నా, గది నేను కల్పించిన. ఈ పుస్తకంల రేకుల ఇల్లు లేదు, మేక లేదు. కావాల్నంటే ఎవలతోనన్న చదివించుకో.”

జాల్యా ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు. “మరి తండాల గిన్ని ఇండ్లుంటే నీకు గా ఇల్లే ఎందుకు నోటికొచ్చింది?”

నిజమే, ఎందుకొచ్చింది? చివర ఉన్న ఇల్లు, ఒంటరి మనిషి, ఎవరూ ఏమీ అనుకోరని. ఆ సంగతి తనకే అప్పుడు తెలిసి నీలికి సిగ్గేసింది.

పోట్లాడి, ఏడ్చి, పిల్లవాణ్ని ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది. రక్తం పరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి నల్లమేక నీలి ఇంటి గుంజకు కట్టేసి ఉంది. సీతాబాయి దాన్ని అక్కడ వదిలి, తన ఇంటికి తాళం వేసుకుని, మహదేవపూర్ దగ్గర కూతురింటికి వెళ్లిపోయింది.

మందులకు జ్వరం దిగింది. నీలి సంబరంగా జాల్యా దగ్గరికి పోయింది. “చూసినవా అన్నా? సీతవ్వను రమ్మని ఫోన్ చేస్త.”

“చెయ్యకు. ముసల్ది తండా దాటినంకనే గదా పోరడు కండ్లు తెరిసిండు,” అన్నాడు జాల్యా.

మందిచ్చిన డాక్టరుకు రాని పేరు, లేని మంత్రానికి వచ్చింది! మర్నాడు మిరప తోటలో ఆడవాళ్లంతా నీలి చుట్టూ చేరారు. వాళ్ల ముఖాల్లో కొత్త భక్తి.

“నీలక్కా, నువ్వు చెప్పినట్లే అయింది గదా. ఇంకో కత చెప్పవా?”

నీలికి కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. “చెప్త. గీసారి ఎవల ఇల్లు పెట్టాలె?” అని జాల్యా భార్య వైపు వేలు చూపింది. “నీదా?” పక్కనున్న ఆమె వైపు తిప్పింది. “నీదా?”

ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. నీలి వేలు దించలేదు.