ఎదురు కుర్చీ బైంజు

సందు మొదట్లోనే కుట్టుమిషను చప్పుడు వినిపిస్తుంది. వాన పట్టినట్టు కాసేపు, తెరిపిచ్చినట్టు కాసేపు. ఆ చప్పుడు ఆగిందంటే బదోరా ఇంటికి ఎవరో వచ్చారని ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది. సార్డీనియా కొండల్లోని ఆ ఊరికి అరవై తొమ్మిదేళ్ల బదోరా ఒక్కతే దర్జీ. బాదం చెట్లు తొలి పూత పూసిన పొద్దున, మిషను ఆపించింది పార్టీ కార్యదర్శి సిమోనా.

పొత్తు కుదిరిందట. ఈ ప్రాంతీయ ఎన్నికల్లో తమ ఎర్రజెండా పార్టీ, సిలువ గుర్తు పార్టీ ఒకే జట్టట.

"రెండు పార్టీలకూ కలిపి ఓట్ల గదికొక ఏజెంటు చాలన్నారు పిన్నీ. బడిలో మొదటి గదికి బైంజు బాబాయి. నువ్విక ఇంటిపట్టున హాయిగా ఉండు."

"అతని మీద కన్నేసి ఉంచేదెవరే మరి?"

"ఇప్పుడతను మనవాడేగా."

బదోరా సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

ఆమె తండ్రిది ఎర్రజెండా, బైంజు తండ్రిది సిలువ గుర్తు. ఆ రెండిళ్ల వాళ్లు వీధిలో ఒకరి నీడ ఒకరు తొక్కేవారు కాదు. పెద్దలు పోయినా ఆ మౌనం పోలేదు. కానీ అయిదేళ్లకొకసారి, ఓట్లు లెక్కించే బడి గదిలో, పార్టీ ఏజెంట్లుగా బల్లకు అటూ ఇటూ కూర్చున్నప్పుడు మాట్లాడక తప్పదు. ఇరవై తొమ్మిదో ఏట మొదలై ఎనిమిది ఎన్నికలు. పెన్సిలు గీత కాస్త పక్కకు పోతే చాలు, ఈ ఓటు చెల్లదని అతను, చెల్లి తీరుతుందని ఆమె. మూడో ఎన్నికకు ఆమె బాదం మిఠాయిలూ, అతని గొర్రెపాల జున్నూ బల్ల మధ్యకు చేరాయి. నాలుగో ఎన్నికకు అతని వేలికి ఉంగరం వచ్చింది. ఏడో ఎన్నికకు కోటు మీద నల్లగుండీ, భార్య పోయిన గుర్తు. అది ఊగుతోంటే బదోరా సంచిలోంచి సూది తీసి కుట్టి ఇచ్చింది. ఆ పూట మాత్రం ఒక్క ఓటు దగ్గరా ఇద్దరూ గొడవపడలేదు.

ఆదివారం ఆమె ఓటేసి వచ్చింది. సోమవారం పొద్దున లెక్కింపు. ఆ గదిలో ఓటున్న వాళ్లెవరైనా నిలబడి చూడవచ్చు. నోరు మాత్రం మెదపకూడదు. ఎన్నడూ లేనిది, ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడింది. బైంజు తన పాత చోటే కూర్చున్నాడు. ఎదురు కుర్చీలో అవతలి జట్టు ఏజెంటు ఫోను చూసుకుంటున్నాడు.

నూటికి పైగా ఓట్లు లెక్కించాక వచ్చిందొక కాగితం. పెన్సిలు గీత సరిగ్గా రెండు గుర్తుల నడుమ పడింది, సగం ఎర్రజెండా మీద, సగం సిలువ మీద. పూర్వమైతే అరగంట యుద్ధం. బైంజు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, అలవాటుకొద్దీ ఎదురుగా చూశాడు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగాడు.

"నువ్వేమంటావు బదోరా?"

ఆవిడకు మాట్లాడే హక్కు లేదన్నాడు అధికారి. అయినా రెండూ ఒకే జట్టు, ఎటు పడ్డా ఒకరికే, ఇందులో తేల్చేదేముంది అన్నాడు. కాగితం కట్టలో కలిసిపోయింది.

జట్టు గెలిచింది. బడి మెట్ల దగ్గర, ఊరంతా చూస్తుండగా, బైంజు మొదటిసారి ఆమెను వీధిలో పలకరించాడు. చలిగా ఉందన్నాడు. అవునంది. మలుపు దాకా పక్కపక్కనే నడిచారు. దారి పొడవునా ఇంకో మాట దొరకలేదు.

వసంతం వచ్చాక, తన ఎన్నికల ముచ్చట్లు రాసుకోవడానికి వచ్చిన మనిషిని సాగనంపుతూ ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"ఇప్పుడు రోజూ పలకరిస్తాడు. నేనేమన్నా సరే అంటాడు. మొన్న ఆకాశం అద్దంలా ఉంటే, కావాలనే వానొస్తుందన్నాను. అవునని తలూపి పోయాడు. ఒక్కసారి కాదంటే ఆయన సొమ్మేం పోయింది, నువ్వే చెప్పు."