గ్రేవీ తాడుకు కుళ్లుదారం

ఐలా నీమెలా చేతులు అప్పటికే తాడు పురి విప్పుతున్నాయి. పసుపుపచ్చని తాడు, మూడు పేటలది. కొసన జానెడు మేర పేటలు విడదీసి, ఒక్కొక్కదాని చివరను మంటకు చూపించి, మెత్తబడ్డ ముక్కును తోలుముక్కతో నొక్కి మొన తేల్చింది. ఇత్తడి రింగులోంచి తాడు దూర్చి వెనక్కి మడిచింది. కొయ్యమేకుతో తాడు నడుము తెరిచి మొదటి పేటను లోపలికి పంపింది. తర్వాత రెండోది, మూడోది. తాడు తిప్పి మళ్లీ మొదటిది.

"ఇది తేలే తాడు కదత్తా!" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ వెండెల్, కుళ్లిన చేపను చూసినట్టు చూస్తూ.

"కళ్లు బాగానే ఉన్నాయే అల్లుడూ."

"తేలే తాడు తెచ్చేవాణ్ణి నా పడవ మెట్టు కూడా ఎక్కనివ్వను."

"మంచిపని. కానీ గ్రేవీ నీ పడవ కాదు. ఆ తలుపన్నా మూయి, లేదా నువ్వన్నా లోపలికి రా. చలి."

గ్రేవీ అంటే వెండెల్ కుక్క. తొంభై పౌన్ల బరువు, మాంసం పులుసు రంగు, సముద్రం కనబడితే ఒంటిమీద తెలివి ఉండదు. వెండెల్ పీతల పడవ కెప్టెన్. అతని భార్య మార్లిస్ ఐలాకు అక్క కూతురు. ఇక ఐలా, మా హార్లన్ బే రేవులో ఐసు ఫ్యాక్టరీ పక్క రేకుల షెడ్డులో నలభై ఆరేళ్లుగా పీతల బోనులకు తాళ్లు అల్లే మనిషి.

ఆరిగాన్ తీరంలో ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పంతొమ్మిదో ఏట చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు బిగిస్తుండగా, రేవులో ఎవరో పారేసిన తాడు ముక్క ఒకటి దొరికింది. దాని కొసన అల్లిన కన్నాన్ని ఒక్కో మెలికే విప్పి చూసింది. మళ్లీ అల్లింది, మళ్లీ విప్పింది. శీతాకాలం అంతా ఆ ఒక్క ముక్కతోనే గడిపింది. ఇప్పుడు మా రేవులో సగం పడవలు ఆమె తాళ్లతోనే నడుస్తాయి. వాటిమీద పేరుండదు. అందరూ పేటను మూడుసార్లు దూర్చి వదిలేసే చోట ఆమె ఐదుసార్లు దూరుస్తుంది, అంతే. చీకట్లో చేత్తో తడిమి "ఇది ఐలాది" అంటారు మావాళ్లు. ఆమె చెవిన పడితే, "తడిమింది చాలు, బోను లాగండి" అంటుంది.

ఆమెకు కుక్కలంటే పెద్ద ఇష్టం లేదు. షెడ్డులో ఒక ముసలి పిల్లి ఉంది, అది చాలు.

అయినా కుక్కకు తాడు అల్లుతోందంటే కారణం ఉంది. సెప్టెంబరు చివర్లో వెండెల్ గ్రేవీకి తనే ఒక తాడు కట్టాడు. పడవ మీది తాడు, లోపల సీసం ఉన్నది, నీళ్లలో మునిగేది. సముద్రం మీద అదే మంచిది, తేలే తాడైతే పక్క పడవ పంకాకు చుట్టుకుంటుంది. ఇరవై అయిదేళ్ల అలవాటు. కొసన చేతికి తగిలించుకోను ఒక ఉచ్చు కూడా పెట్టి మార్లిస్‌కు ఇచ్చాడు. మోకాలి లోతు నీళ్లలో కుక్క గంతులేస్తుంటే తాడు మునిగి ఇసుక మీద పడుకుంది. అలలో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి దానిమీదికి దొర్లింది. కుక్క ఒకవైపు, మార్లిస్ మణికట్టు ఇంకోవైపు, మధ్యలో దుంగ. రెండో అల ఇద్దరి మీదుగా పోయింది. వెండెల్ కత్తితో పరుగెత్తుకెళ్లి తాడు కోశాడు గనక సరిపోయింది. మార్లిస్ మణికట్టు చుట్టూ ఎర్రటి చార ఇంకా పోలేదు.

డిసెంబరులో పీతల వేట మొదలైతే వెండెల్ వారాల తరబడి ఇంట ఉండడు. కుక్కను తిప్పాల్సింది మార్లిస్. ఆమె ఒకటే మాట చెప్పింది: "ఆదివారం మా తమ్ముడు ట్రక్కు తెస్తున్నాడు. గ్రేవీ కొండల అవతల వాడి పశువుల దొడ్డికి పోతుంది. అక్కడ తడిసేందుకు తొట్టి తప్ప ఏమీ లేదు." అది మంగళవారం. అందుకే వెండెల్ ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డాడు.

"కొసన ఉచ్చు మర్చిపోకత్తా."

"ఉచ్చు ఉండదు."

"మరి పట్టుకునేదెలా?"

"చేత్తో. బారకొక ముడి వేస్తాను. కుక్క ఉరికితే తాడును అరచేతిలో జారనిచ్చి, ముడి తగిలినప్పుడల్లా కాస్త బిగించాలి. మరీ ఎక్కువైతే వదిలేయాలి. ఉచ్చుంటే వదలగలవా? నీ పెళ్లాన్ని అడుగు, చెయ్యి చూపిస్తుంది."

ఐలా అయిదో వరస పూర్తిచేసి, మిగిలిన కొసలు కోసి, అల్లికను చెక్క మీద పెట్టి బూటుతో దొర్లించింది. తర్వాత బల్ల కింద డబ్బాలోంచి తెల్లటి నూలుదారం ఉండ తీసింది. అది చూడగానే వెండెల్ కనుబొమలు పైకి లేచాయి.

"కుళ్లుదారమా?"

మా దగ్గర ప్రతి పీతల బోనుకూ మూత ఒకచోట నూలుదారంతో కట్టి ఉంటుంది. బోను సముద్రంలో తప్పిపోతే, కొన్నాళ్లకు ఆ దారం కుళ్లి తెగి మూత తెరుచుకుంటుంది. లోపలి పీతలు ఊరికే చావకుండా బయటపడతాయి.

"పీతకిచ్చే మర్యాద కుక్కకివ్వకూడదా?" అంది ఐలా. "తాడుకి రింగు. కుక్క ఛాతీపట్టీకి కొక్కెం. రెంటికీ మధ్య ఈ దారం. దుంగ కింద తాడు చిక్కితే దారం తెగుతుంది."

"తెగితే కుక్క సముద్రంలోకి పోదూ?"

"పోతే ఈదుతుంది. కట్టేసి ఉన్నదే మునిగేది. ఎన్ని చుట్లు వెయ్యాలన్నదే లెక్క. రేపు మార్లిస్‌ని తీసుకురా."

"కుక్కనా?"

"కుక్కని కూడా."

మర్నాడు షెడ్డు వెనక తడి ఇసుకలో కొలతలు జరిగాయి. చేపలు తూచే స్ప్రింగు కాటా నాది, పక్క షెడ్డులో ఇంజన్లు బాగుచేసుకునేవాణ్ణి గనక దాన్ని పట్టుకునే పని కూడా నాకే పడింది. వెండెల్ చీజు ముక్క చూపిస్తే గ్రేవీ నిలకడగా అరవై పౌన్ల దాకా లాగింది.

"అయితే రెండు వందలకు తెగేట్టు కట్టు," అన్నాడు వెండెల్. "ఎందుకైనా మంచిది."

ఐలా అతని వైపు చూడనైనా లేదు. "మార్లిస్, ఇలా నిలబడు. పట్టుకో."

కాటా కొక్కెం మార్లిస్ చేతికిచ్చి నన్ను మెల్లగా లాగమంది. ఎనభై అయిదు దగ్గర మార్లిస్ మడమలు ఇసుకలో జారాయి.

"రెండు వందలట!" అంది ఐలా అప్పుడు. "నీ పెళ్లాం ఎనభై అయిదుకే సముద్రం వైపు బయల్దేరింది అల్లుడూ. దారం ఆమె కాలు జారకముందే తెగాలి. కొలత కుక్కది కాదు."

మార్లిస్ మొదటిసారి కొద్దిగా నవ్వింది. "పిన్నీ, ఈయన ఎప్పుడూ కుక్కనే ముందు తూస్తాడు."

"నిన్ను తూచే ధైర్యం నాకెక్కడిదే!" అన్నాడు వెండెల్.

అయిదు చుట్లు వేసి లాగితే డెబ్బై నాలుగుకు తెగింది. అరవైకి పైన, ఎనభై అయిదుకు కింద. ఐలా సంతృప్తిగా అలాంటిదే ఇంకోటి కట్టి, సముద్రపు నీళ్ల బకెట్లో పడేసి ఇంటికి పోయింది. శుక్రవారం పొద్దున దాన్ని తీసి లాగాం. ఎనభై దాటింది. ఎనభై అయిదు దాటింది. తొంభై దగ్గర తెగింది.

ఐలా తెగిన కొసలను చాలాసేపు చూసింది. మరొకటి తడిపి లాగమంది. మళ్లీ తొంభై.

"నూలు తడిస్తే బలం పెరుగుతుందన్నమాట," అంది చివరికి. "ముప్ఫయ్యేళ్లుగా ఈ దారం అమ్ముతున్నాను. ఎన్నాళ్లకు కుళ్లుతుందో చెప్పగలను గానీ, ఇది మాత్రం ఇవాళే తెలిసింది."

"అత్తకి తెలియనిది ఒకటి దొరికింది!" వెండెల్ చప్పట్లు కొట్టాడు. "రేవంతా చెప్పొస్తానుండు."

"చెప్పు. నీ సీసం తాడు కథ కూడా కలిపి చెప్పు."

నాలుగు చుట్లతో కట్టి, తడిపి, మూడుసార్లు లాగాం. మూడుసార్లూ డెబ్బై రెండుకు అటూ ఇటూ తెగింది. ఐలా బల్లమీద సుద్దతో నాలుగు గీతలు గీసి ఊరుకుంది.

శనివారం నీరు వెనక్కి లాగే వేళ చూసుకుని బీచికి వెళ్లాం. ఐలా ఎవరినీ ఇసుకలోకి దిగనివ్వలేదు. పావుగంట గట్టుమీదే నిలబెట్టి సముద్రాన్ని చూడమంది. అక్టోబరు నుంచి మా తీరంలో దొంగ అలలు మొదలవుతాయి. పది అలలు బుద్ధిగా వచ్చిపోయాక పదకొండోది గట్టు మెట్లదాకా వస్తుంది. ఆ పావుగంటలో ఒకటి వచ్చింది కూడా. పొడిగా ఉందనుకున్న దుంగను ఎత్తి, అటు తిప్పి పడేసింది.

"చూశావుగా," అంది ఐలా మార్లిస్‌తో. "ఆ తడి గీతకి ఇవతలే నీ నడక. వీపు ఎప్పుడూ ఊరివైపే."

గ్రేవీ ఉరికింది. మార్లిస్ అరచేతిలో తాడు జారింది, ఒక ముడి, రెండో ముడి, మూడోదానికి ఆమె బిగించింది. కుక్క ఆగి వెనక్కి చూసింది. మళ్లీ ఉరికింది, మళ్లీ ఆగింది. తేలే తాడు నురుగు మీద పసుపుపచ్చగా కనబడుతూనే ఉంది, మార్లిస్ కళ్లు దాన్ని వదల్లేదు. ఒడ్డున చచ్చి పడున్న సాల్మన్ చేప దగ్గరికి గ్రేవీ ముక్కు పోతే ఐలా దాన్ని బూటుతో దూరంగా తన్నింది. సాల్మన్ వండితే మాకు విందు, పచ్చిది కుక్కకు విషం. వెండెల్ సీసాలోంచి మంచినీళ్లు పోశాడు, ఉప్పునీళ్లు తాగబుద్ధి కాకుండా.

"ఇప్పుడు అసలు పని," అంది ఐలా. అలలకు అందని చోట పెద్ద మొద్దుకు తాడు కొసను చుట్టింది. కుక్కను అక్కడ వదిలి మార్లిస్‌ను ముప్ఫై అడుగులు అవతలికి పంపింది. "పిలువు."

"గ్రేవీ, రా!"

గ్రేవీ పరుగు తీసింది. తాడు బిగియగానే ఆగింది. ఒకసారి తాడు వంక చూసి, తీరిగ్గా కూర్చుంది.

"ఓహో, ఇవాళే బుద్ధిమంతుడయ్యాడు," అన్నాడు వెండెల్.

"రారా నాన్నా!" మార్లిస్ మళ్లీ పిలిచింది. గ్రేవీ తోక ఊపింది గానీ లేవలేదు. ఐలాకు నవ్వొచ్చింది. ఆమె పళ్లు నేను చూడటం అదే మొదటిసారనుకుంటాను.

అప్పుడు మార్లిస్ జేబులోంచి చీజు డబ్బా తీసింది. మూత టక్కుమన్న చప్పుడు అలల హోరులో మాకు వినబడలేదు, గ్రేవీకి వినబడింది. తొంభై పౌన్లూ ఒక్కసారి లేచాయి. దారం తెగింది. పసుపు తాడు ఇసుకలో పడిపోయింది. కుక్క సముద్రం వైపు పోలేదు, సీగల్ పక్షుల వైపు పోలేదు. సూటిగా వెళ్లి మార్లిస్‌ను వెల్లకిలా పడేసి డబ్బాలో మూతి పెట్టింది.

వెండెల్ పరుగెత్తబోతే ఐలా చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు డిసెంబరులో ఇక్కడుండవు. ఆమెనే లేవనీ."

మార్లిస్ లేచింది. ఇసుక దులుపుకోలేదు. కుక్క ఛాతీపట్టీకి వేలాడుతున్న కొక్కేన్నీ, దానికి మిగిలిన దారం కొసల్నీ వేళ్లతో పట్టుకుని చూసింది. తర్వాత చెయ్యి తిప్పి తన మణికట్టు చూసుకుంది.

"పిన్నీ, ఈ దారం ఎన్నాళ్లుంటుంది?"

"నెలకోసారి మార్చు. తెగకపోయినా మార్చు."

"అయితే కట్టడం నాకు నేర్పు."

వెండెల్ గట్టిగా ఊపిరి వదిలాడు. కుక్క కాలివేళ్ల మధ్య ఇసుక తీస్తూ కూర్చున్నాడు.

షెడ్డుకు వచ్చి గ్రేవీని పైపునీళ్లతో కడిగారు. మార్లిస్ బల్ల దగ్గర కూర్చుని సుద్దగీతలు లెక్కపెడుతూ నాలుగు చుట్లు వేసి ముడి బిగించింది. ఐలా చూసి, కత్తెరతో కత్తిరించింది. "చుట్టు మీద చుట్టు పడింది. పక్కపక్కన పడాలి."

రెండోది కట్టింది. దాన్నీ కత్తిరించింది. "ముడి కొస పొట్టి."

"పెళ్లికి ముందు నాకు కూడా ఇంత పరీక్ష పెట్టలేదు," అన్నాడు వెండెల్ మూలనుంచి.

"అందుకే కదా ఇంత దాకా వచ్చింది," అంది ఐలా.

మూడోదాన్ని ఐలా వెలుతురుకు ఎత్తి చూసింది. నీళ్లలో ముంచి, కాటాకు తగిలించి నన్ను లాగమంది. డెబ్బై ఒకటికి తెగింది. "అలాగే ఇంకోటి," అంది. మార్లిస్ నాలుగోది కట్టింది. ఈసారి ఐలా కత్తెర ముట్టుకోలేదు.

మార్లిస్ ఫోను తీసి తమ్ముడికి చేసింది. "రేపు ట్రక్కు వద్దురా. ... లేదు, బానే ఉంది. ... నువ్వు ఊరికే భోజనానికి రా, చేపల పులుసు పెడతాను."

ఐలా పసుపు తాడును మోచేతికి చుట్టి, కొస తిప్పి బిగించింది. ముడులన్నీ ఒకసారి వేళ్లతో తడుముకుంది. వెండెల్ అలవాటుగా చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని దాటించి తాడును మార్లిస్ ఒళ్లో పెట్టింది, పక్కనే నూలుదారం ఉండ పెట్టింది. తర్వాత పిల్లిని బల్లమీంచి దింపి, తెగిన దారం ముక్కలు ఊడ్చింది.