స్టిక్కర్ లేని లెన్సులు

కొల్లాపూర్ దగ్గరి ఒక సర్కారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లియాఖత్ అలీ సారుకు చాలాకాలం ఒక పేరుండేది: ఆయన ల్యాబులో ఎవరికీ జవాబు తప్పు రాదు. ఎందుకొస్తుంది? ప్రతి లెన్సు అంచునా దాని నాభ్యంతరం, అంటే ఫోకల్ లెంత్, స్టిక్కర్ మీద రాసే ఉండేది. పిల్లలు ముందు స్టిక్కర్ చూసి, తర్వాత దానికి సరిపడా రీడింగులు వండేవాళ్లు. సారుకూ తెలుసు, పరీక్షకొచ్చే ఎగ్జామినర్లకూ తెలుసు. అందరూ మర్యాదస్తులు కాబట్టి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మహబూబ్‌నగర్‌లో లెక్చరర్లకు ట్రైనింగ్ పెట్టారు. తలా ఒక స్టిక్కర్ లేని లెన్సు ఇచ్చి నాభ్యంతరం కనుక్కోమన్నారు. కాసేపటికి లియాఖత్ సారే లేచి, జవాబెంత రావాలో చెప్పమని అడిగాడు. ఎవరూ నవ్వలేదు, అందరూ అదే అడగబోతున్నారు మరి. లెన్సులోంచి తలకిందులుగా కనిపించే సూది కొనకు రెండో సూది కొన ఆనించాలి, తల అటూ ఇటూ ఊపినా ఆ రెండూ విడిపోవద్దు. ఏళ్లుగా బోర్డు మీద గీసి చెప్పిన ఆ పని ఆయన చేతికి రాలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తిరిగొచ్చి స్టిక్కర్లన్నీ గోటితో గీకేశాడు. పిల్లల రీడింగులు ఆగమాగమయ్యాయి. కూలికిపోయే ఇంటి నుంచి ఇంటర్ దాకా వచ్చిన మల్లికకు డిగ్రీలో ఫిజిక్సే చదవాలని ఆశ. ప్రాక్టికల్ మార్కులు పోతాయేమోనని భయపడింది.

"తప్పొస్తే ఎట్ల సార్?"

"మల్ల చూద్దాం బిడ్డా. నేను సుత నేర్చుకుంటున్న."

పరీక్ష రోజు విజేందర్ అనే ఎగ్జామినర్ వచ్చాడు. మల్లిక ముందున్న లెన్సును తిప్పి తిప్పి చూసి మొహం చిట్లించాడు.

"జవాబెంతనో చెప్పున్రి సార్, మార్కులేసి పోత."

లియాఖత్ మల్లిక వైపు చూశాడు. తన పట్టుదలకు ఈ పిల్ల బలైపోతే ఏం మొహం పెట్టుకుని తిరగాలి?

"నాకు తెల్వది సార్. ఆమె చేసేది చూడున్రి."

జవాబు లేకపోయేసరికి విజేందర్‌కు చూడక తప్పలేదు. మల్లిక ఒక కన్ను మూసి తల ఊపింది. కొనలు విడిపోయాయి. సూదిని కాస్త జరిపి మళ్లీ ఊపింది, ఇంకొంచెం జరిపింది. విజేందర్ ఆమె పక్కన వంగి, తనూ ఒక కన్ను మూసి తల ఊపాడు. ఈసారి కొనలు కదల్లేదు. ఆయన అలాగే చాలాసేపు చూశాడు. తర్వాత మార్కులన్నీ వేశాడు.

లియాఖత్‌కు కళ్లు చెమర్చాయి. పక్క టేబుల్‌కు పోవాల్సిన విజేందర్ మాత్రం అక్కడే నిలబడి గొంతు తగ్గించాడు.

"నేను జర చేసి చూస్త బిడ్డా."

మల్లిక సూదులను కుదిరిన చోటి నుంచి జరిపేసి, ఆయనకు జాగా ఇచ్చింది.