ముందే విచ్చుకున్న కీలు

పేటెంట్ పరిశీలకురాలు ఎస్తేరు ఏ దరఖాస్తునైనా ముందు చేతులతో అర్థం చేసుకుంటుంది. అంతరిక్ష నౌకల సౌరఫలకాలు మడత విప్పుకునే యంత్రాంగం తన ముందుకు వస్తే, అట్టముక్కలకు దారం కట్టి, మడిచి, విప్పి, ఏ కీలు ముందు కదులుతుందో వేలికొసతో తడిమి చూస్తుంది. ఆ తర్వాతే, ఇటువంటిది లోకం ఇంతకుముందు చూసిందా అని వెతుకుతుంది. కామారెడ్డిలో ఐటీఐ బోధకుడు రాజమల్లు అలాంటి ఫలకాల కోసమే చేసి, తన పేరిట హక్కు కోరిన కీలు ఆమెకు ఒక్క వీడియోలో తప్ప ఎక్కడా కనిపించలేదు. అందులో, దరఖాస్తుకు రెండేళ్ల ముందు, రాజమల్లే దాన్ని పిల్లలకు విప్పి చూపిస్తున్నాడు. పిల్లలు ఆ వీడియోను అందరూ చూసేలా పెట్టారు. లోకానికి ముందే తెలిసినది కొత్తది కాదని, తిరస్కరించాలని ఎస్తేరు రాసింది.

ఆన్‌లైన్ విచారణ రోజున కంప్యూటర్ తెర మీద రాజమల్లు నవ్వబోయాడు. “నాది నేనే దొంగతనం చేసిన్నా మేడం?”

కామారెడ్డి దగ్గరి ఎల్లారెడ్డిలోనే పుట్టిన ఎస్తేరు ఆఫీసు భాషను పక్కన పెట్టింది. “కీలు మీదే సార్. కాని మీరు అడగకముందే అందరు చూసిండ్రు.”

“చూపియ్యకుంటె హక్కు వచ్చేదా?”

ఆమెకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. “వచ్చేది.”

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. “అయితే ఇగ పిల్లలకు ఏదీ చేసి చూపియ్య మేడం. నోటితోనే చెప్త.”