అక్క దాచిన జ్వరం

రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న రోజులు. ఒక మధ్యాహ్నం నాకు చలి పట్టుకుంది. ఈ పరదేశంలో మేముండే టార్నీట్‌లో అది ఎండాకాలం. బయట రోడ్డు మాడిపోతోంది, నేను రెండు దుప్పట్ల కింద గజగజ వణుకుతున్నాను. నాకు తోడుగా ఉందామని రాజమండ్రి నుంచి వచ్చిన అక్క థర్మామీటరు పెట్టి చూసింది.

"ఎంతుందక్కా?" అంటే, "ఏం లేదులే, పడుకో" అంది.

నమ్మాను. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, నమ్మకేం చేస్తాను? మిరియాల చారు తాగించి మూడో దుప్పటి కప్పింది. పారాసెటమాల్ అడిగితే వినిపించుకోలేదు.

యూనివర్సిటీ నుంచి వచ్చిన మా అమ్మాయి నా నుదుటి మీద చెయ్యి వేసి కెవ్వుమంది. "పెద్దమ్మా, మమ్ ఈజ్ బర్నింగ్! టెంపరేచర్ చూశావా?"

"చూశానే. ముప్ఫై తొమ్మిది, మన లెక్కలో నూటరెండు. తగ్గించకండి, మంచిదే" అంది అక్క నింపాదిగా.

ముప్ఫై ఎనిమిది దాటితే వెంటనే ఎమర్జెన్సీకి రమ్మని నర్సు చెప్పినప్పుడు నా పక్కనే కూర్చుని తల ఊపిన మనిషి! కారులో నోటికొచ్చినట్టు తిట్టాను. "నన్ను చంపుదామనుకున్నావా?" అని కూడా అన్నాను.

ఆస్పత్రిలో నాకు యాంటీబయాటిక్ ఎక్కుతుంటే, ఎందుకిలా చేశారని డాక్టరమ్మ అక్కను అడిగింది. అప్పుడు బయటపడింది. వందేళ్ళకు పూర్వం అమెరికాలో ఒక సర్జను ఉండేవాడట. ఒక రోగికి చర్మానికి క్రిములు సోకి, ఒళ్ళు కాలే జ్వరం వచ్చాక మెడ మీది కంతి కరిగిపోయిందని తెలుసుకుని, మిగతా క్యాన్సర్ రోగులకు కావాలనే ఆ క్రిములు ఎక్కించాడట. కొందరు బతికి బట్టకట్టారట.

ఇదెక్కడి ఘోరం! డాక్టరమ్మ కొట్టిపారేస్తుందనుకున్నాను. "ఇట్స్ ట్రూ" అందావిడ. నేను నోరు వెళ్ళబెట్టాను. ఒంట్లోని రక్షణ కణాల్నే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇవాళ్టి మందులకు ఆయన్నే ఆద్యుడంటారట. కానీ ఆ రోగుల్లో కొందరు ఆ జ్వరానికే పోయారని, కీమో వల్ల నా ఒంట్లో ఇప్పుడు తెల్లకణాలే లేవని, ఇంకాస్త ఆలస్యమైతే నేను దక్కేదాన్ని కాదని చెప్పి వెళ్ళింది.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. "అంతా చదివినదానివి, చచ్చినవాళ్ళ సంగతి చదవలేదా?"

"చదివాను."

"చదివీ చేశావా?"

"అమ్మకీ ఇదే రోగం కదే" అంది అక్క, నా కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ. "పోయేదాకా పక్కనే ఉన్నాను. ఒక్క రోజైనా ఒళ్ళు వెచ్చబడలేదు. నీకు జ్వరం కనబడగానే సంతోషం పట్టలేక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చానే."