రెండు ఆషాఢాలు

కాన్పు తేదీ కట్టడం మాకు మెడికల్ కాలేజీలో ఒక్క పూటలో నేర్పేశారు. చివరిసారి ముట్టయిన తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలపాలి, అంతే. తొంభైల్లో ఉదయగిరిలో ప్రాక్టీసు పెట్టాక గాని, ఆ లెక్కకు ముందు తేదీ అంటూ ఒకటి కావాలని తెలియలేదు. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు ఈస్టరుకు ముందు ఆదివారం అనేవారు. రైతుల ఇళ్ళ వాళ్ళు పున్నమో అమావాస్యో చెప్పేవారు. వాటిని తేదీల్లోకి మార్చుకోవడానికి ఆత్మకూరు బస్టాండులో పంచాంగం కొని, ఎవరినీ అడగకుండా కుస్తీ పట్టి నేర్చుకున్నాను. అంకెలంటే నాకు మొదటినుంచీ సరదా. పన్నెండు చాంద్రమాసాలు కలిపినా ఏడాదికి పదకొండు రోజులు తక్కువ పడతాయనీ, ఆ లోటు పేరుకున్నప్పుడల్లా ఒక నెల అదనంగా వస్తుందనీ, దాన్నే అధికమాసం అంటారనీ తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఏ పరీక్ష పాసయినప్పుడూ కలగలేదు.

ఒక ఫాల్గుణ పున్నమి మర్నాడు దుత్తలూరు వైపు పల్లె నుంచి ఒక అవ్వ తన మనవరాలిని తీసుకొచ్చింది. తొలిచూలు. రెండు రోజులుగా బిడ్డ సరిగా కదలడం లేదని ఆ అమ్మాయి భయం.

"ఊరికే బెదురుకుంటాది నాయనా. తొమ్మిది నెలలు ఇప్పుడే నిండినాయి. ఉగాదికి గాని కాన్పు కాదు," అంది అవ్వ.

చెయ్యి పెట్టి చూశాను. ఉమ్మనీరు తగ్గినట్టుంది, బిడ్డ కాళ్ళూ చేతులూ చర్మం కిందే తగులుతున్నాయి. గుండె చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అవ్వ లెక్కే నిజమైతే ఒకటి రెండు రోజులు కనిపెట్టి చూడవచ్చు. గడువు దాటిన బిడ్డయితే ఆ పూటే ఆత్మకూరు పంపాలి, ఆలస్యం చేస్తే దక్కకపోవచ్చు. నా దగ్గర స్కానింగు లేదు.

"చివరిసారి ఎప్పుడు బయట ఉన్నావమ్మా?"

"ఏరువాక పున్నమికి," అంది అమ్మాయి.

"పెండ్లయిన నెలే," అని అవ్వ అందించింది.

ఏరువాక అంటే జ్యేష్ఠ పున్నమి. అక్కణ్ణుంచి నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టమని అవ్వతో అన్నాను. "ఆషాఢానికి ఒకటి, శ్రావణానికి రెండు..." అంటూ పోయి, ఫాల్గుణానికి తొమ్మిదో వేలు ముడిచింది. నాకు పది వచ్చాయి.

"ఈ ఏడు అధిక ఆషాఢం వచ్చింది కదవ్వా?"

"వస్తే? పెండ్లి లేదు, పేరంటం లేదు. ఆ నెలను ఎవరు లెక్కబెడతారు?" నన్ను ఎగాదిగా చూసింది. "నీకు సూదులెయ్యడం నేర్పినారా, పౌరోహిత్యం నేర్పినారా?"

మనవరాలు అంత భయంలోనూ నవ్వింది.

నాకూ అనుమానం లేకపోలేదు. ఏరువాక తర్వాత మళ్ళీ ముట్టయి, అమ్మాయి మరిచిపోయి ఉండవచ్చు. అప్పుడు తట్టింది, కొత్త కోడలు ఆషాఢంలో అత్తారింట ఉండదు కదా.

"ఆషాఢంలో పుట్టింట్లోనే ఉన్నావా?"

"రెండు ఆషాఢాల్లోనూ ఆడనే ఉండినాను. మా అవ్వ పంపిస్తేగా!"

"ఎట్ల పంపేది? అధికమైనా ఆషాఢం ఆషాఢమే. నీ మొగుడు రెండుసార్లు వచ్చి, వాకిట్లోనే మజ్జిగ తాగి పోయినాడు."

"శ్రావణంలో అత్తారింటికి పోయాక ముట్టయ్యావా?"

"లేదు. పోయేనాటికే వాంతులు."

అంటే కడుపు నిలిచింది మొదటి ఆషాఢానికి ముందే. ఆ మధ్యలో మొగుడూ పెళ్ళాలను కలవనీయకుండా అవ్వే కాపలా కాసింది.

"అల్లుణ్ణి వాకిట్లో ఆపడానికి రెండు ఆషాఢాలు, కడుపులో బిడ్డకు ఒకటేనా అవ్వా?"

అవ్వ వేళ్ళు విప్పింది. పెదవులు కదుపుతూ మళ్ళీ మొదటినుంచీ ముడిచింది. పదో వేలు ముడిచాక నా ముఖంలోకి చూసింది.

"జీపు దొరుకుద్దా నాయనా?"

ఆత్మకూరులో లేడీ డాక్టరు ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసింది. ఉమ్మనీరు పచ్చబడి ఉందనీ, మగబిడ్డ కాస్త ఆలస్యంగా ఏడ్చాడనీ, ఇప్పుడు పాలు తాగుతున్నాడనీ ఫోను చేసింది.

కుట్లు విప్పించుకుని ఊరికి పోతూ నా దగ్గర ఆగారు. బిడ్డ చర్మం పొరలుగా లేస్తోంది. గోళ్ళు వేళ్ళ కొనలు దాటి పెరిగి ఉన్నాయి. గడువు దాటిన బిడ్డల్లో కనిపించే గుర్తులే. ఆ చిన్న చేతిని వదలబుద్ధి కాక తిప్పి తిప్పి చూస్తుంటే, "చాల్లే నాయనా, దిష్టి తగులుద్ది," అని అవ్వ లాక్కుంది.

బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ళకు వాణ్ణి చూపిస్తూ చెప్పడం లోపలికి వినిపించింది.

"ఉగాదికి పుట్టాల్సినోడు. పదిహేను దినాలు ముందే వచ్చేసినాడు. అయినా గోళ్ళు చూడండి, ఎంతెంతుండాయో!"