టికెట్ లేని ఎర్రపెట్ట

ముప్పై రెండేళ్లు బస్సుల్లో తిరిగిన మనిషికి రిటైరయ్యాక ఇల్లు కరవడానికొచ్చింది. భార్య పోయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. వీధిలో అందరూ ఇప్పటికీ కండక్టరుగారనే పిలిచే ఆయన, అద్దెకుంటున్న కింది వాటా పెరట్లో ఆరు పెట్టల్నీ ఒక పుంజునూ పెట్టుకుని, రోజంతా వాటికే ఊడిగం చేసేవాడు.

అవేమైనా బుద్ధిగా ఉండేవా అంటే, అబ్బే! గుడ్లు పెట్టడానికి నాలుగు పెట్టెలు అమర్చాడా, అన్నిటికీ ఆ మూలపెట్టే కావాలి. మిగతా మూడూ ఖాళీగా ఉన్నా దాని ముందే తోసుకుంటూ, లోపలున్నదాని నెత్తినెక్కి కూర్చునేవి. "అంత ఖాళీ పెట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడతారేంటమ్మా, లోపలికి జరగండి!" అని కేకలేసేవాడు. పుంజు సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లవారుజామున హాయిగా నిద్రపోయి, పైవాటాలో ఓనరమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళకు గొంతు సవరించుకునేది.

ఓనరమ్మ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ ముందు నోరెత్తిన ప్రాణి ఆ పుంజు ఒక్కటే. ఆ నెల మొదట్లో ఒక పెట్ట మెట్లెక్కి, ఆవిడ వంటింట్లో పిండి డబ్బాలో దిగి స్నానం చేసింది. దాంతో ఆవిడ తేల్చి చెప్పేసింది.

"నెలాఖరు దాకా టైమిస్తున్నాను. ఆ తర్వాత ఈ ఇంట్లో కోళ్లు కనపడకూడదు."

బతిమాలడం కండక్టరుగారికి చేతకాదు. ఊరవతల ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, కోళ్లని తీసుకెళ్లడానికి నెలాఖరుకి ఆటో పంపమన్నాడు. ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. ఇవి కూడా పోతే తనని చూసి పరిగెత్తుకొచ్చే ప్రాణి ఇంకొకటి ఉండదని ఆయనకు తెలుసు.

రోజూ పొద్దు గూకగానే విజిల్ వేసేవాడు, కోళ్లు గూట్లోకి దూరేవి. చెయ్యి లోపలికి పెట్టి, ఒక్కో వీపూ తడుముతూ ఏడు లెక్క సరిపోగానే "రైట్!" అని తలుపు వేసేసేవాడు. ఆయనకు సర్వీసులోనూ అంతే, తలల లెక్క ముఖ్యం గానీ మొహాలు కాదు.

నెలాఖరు ఉదయం ఏడింటినీ బుట్టల్లో సర్దుతుంటే, పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ గోడ మీంచి తొంగి చూసింది.

"అన్నయ్యా, మా ఎర్రపెట్టని ఎక్కడికి పంపిస్తున్నావ్? ఇరవై రోజుల నుంచీ చీకటి పడేసరికి మాయమవుతోంది. మీ గూట్లోనా దీని కాపురం!"

కండక్టరుగారు బుట్టలో ఎర్రదాన్ని పైకెత్తి చూశాడు, తనది కాదు. మరి తన ఎర్రపెట్ట ఏది? పగలు గింజల దగ్గర ఒక ఎర్రది కనిపిస్తే చాలు, తనదే అనుకున్నాడు. టికెట్ లేనిదాన్ని లెక్కలో కలుపుకుని, అసలుదాన్ని దారిలో వదిలేశాడు! గాభరాగా విజిల్ మీద విజిల్ వేశాడు.

"ఆ విజిల్ ఆపండి, భయపడుతోంది!" పైనుంచి ఓనరమ్మ గొంతు.

ఆయన రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తాడు. వరండాలో పాత చీర పరిచిన బుట్టలో ఎర్రపెట్ట పొదుగుతోంది. పక్కన గిన్నెలో నీళ్లు. ఎండ పడకుండా ఎవరో గొడుగు విప్పి పెట్టారు.

"ఇప్పుడే తీసుకెళ్తానమ్మా," అంటూ వంగాడు.

"ముట్టుకున్నారంటే మర్యాదగా ఉండదు. రెండుసార్లు కిందికి దింపాను, మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంత మొండిదాన్ని నా సర్వీసులో చూళ్లేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "చెబితే తీసుకెళ్లిపోతారని చెప్పలేదు."

రెక్క కిందనుంచి తడితడిగా చిన్న తల ఒకటి బయటికొచ్చి కిచకిచమంది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో హారన్ మోగింది.

"ఆటోని వెనక్కి పంపేయండి," అంది ఓనరమ్మ పిల్ల మీంచి చూపు తిప్పకుండా.

"పోనీ ఆ పుంజునైనా పంపేస్తాను..."

"ఆ వెధవని కూడా ఉండనివ్వండి. పిల్లలకి తండ్రి ఉండద్దూ?"

కండక్టరుగారు వరండా అంచు నుంచి చెయ్యి ఊపి ఆటోని పంపేశాడు. జీవితమంతా పిల్లల్ని ప్రశ్నలడిగి నిలబెట్టిన ఆవిడ, కాస్త బెరుగ్గా ఆయన వైపు తిరిగింది.

"ఇంతకీ వీటికేం పెట్టాలి? నాకు తెలీదు."

"ఇవాళ ఏమీ పెట్టక్కర్లేదమ్మా, గుడ్డులోంచి వచ్చిన రోజు వీటికి ఆకలుండదు," అన్నాడాయన. "రేపు పొద్దున్నే వచ్చి చూపిస్తాను."